కొట్టని తొమ్మిదో దెబ్బ

తాక్ మన్హో డోలు నేర్చుకున్న మొదటి చలికాలమంతా ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. వాళ్ళ నాన్న కొట్టనివ్వలేదు. చేతికి కర్ర ఇచ్చి, ముందు డోలు పెట్టి, ఎదురుగా అమ్మను నిలబెట్టి పాడించేవాడు. "డోలు వంక చూడకురా. మీ అమ్మ గుండెల మీద జాకెట్టు నాడా ముడి చూడు. అదెప్పుడు పైకి లేస్తోందో, ఎప్పుడు దిగుతోందో చెప్పు" అనేవాడు. తప్పు చెబితే అదే కర్ర మోకాలి చిప్ప మీద పడేది. అలా ఆ చలికాలం డోలు మీద పడాల్సిన దెబ్బలన్నీ మన్హో మోకాళ్ళ మీద పడ్డాయి.

సొమ్‌జిన్ నది ఒడ్డున పమ్‌గోల్‌లో వాళ్ళది దంగొల్ కులం. చుట్టుపక్కల ఎవరింట్లో మనిషి పోయినా ఆ ఆత్మను సాగనంపడానికి దంగొల్ ఇళ్ళ ఆడవాళ్ళు పాడాలి, మగవాళ్ళు వాయించాలి. పని అయ్యాక పెరట్లో కూర్చుని, పెట్టింది తిని పోవాలి. ముక్కుపచ్చలారని పిల్లలు కూడా వాళ్ళను ఒరే అని, ఒసే అని పిలిచేవాళ్ళు. ఆ పెరట్లోంచి ఇంటివాళ్ళు కూర్చునే పెద్ద గదిలోకి ఎక్కడానికి వాళ్ళకున్న మెట్టు ఒక్కటే, పాన్సోరి. ఒక మనిషి చేతిలో విసనకర్రతో నిలబడి ఒక కథను గంటల తరబడి పాడాలి. పక్కన చాప మీద కూర్చుని ఒకడు డోలు కొట్టాలి. ఇంకెవరూ ఉండరు.

డోలు కొట్టేవాడికి ఒక కట్టడి ఉంది. పాడే మనిషి పొరపాటు వినేవాళ్ళ చెవిన పడకూడదు. గొంతు జారితే డోలు గట్టిగా మోగాలి. మాట తడబడితే "చోతా!" అని కేక వెయ్యాలి, భలే బాగుందని. ఊపిరి చాలకపోతే దెబ్బ ఆపెయ్యాలి, ఆ ఆపడం కావాలని ఆపినట్టుండాలి. పన్నెండు దెబ్బల తాళంలో తొమ్మిదోది అన్నిటికన్నా పెద్దది. డోలు నెత్తి మీది చెక్కకు కర్ర ఫెళ్ళున తగులుతుంది, పాట వచ్చి దాని మీద వాలుతుంది. చేతనైనవాడు ఆ దెబ్బను కొడతాడు. బాగా చేతనైనవాడు ఎప్పుడో ఒకసారి దాన్ని కొట్టకుండా వదిలేస్తాడు. అప్పుడు గదిలో ఉన్నవాళ్ళందరికీ అది లోపల మోగుతుంది.

మన్హోకు అది బాగా చేతనైంది. ఆ చేతనవడమే అతని కొంప ముంచింది.

అతని భార్య మల్సున్ పక్క లోయ పిల్ల. ఆ పేరుకు చివరి పిల్ల అని అర్థం. అయిదుగురు ఆడపిల్లల తర్వాత విసిగిపోయి తండ్రి ఆ పేరు పెట్టాడు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు ఆడపిల్లలే పుట్టారు. "నా పేరు మొదట్నుంచీ అబద్ధమే, అందుకే కథలు బాగా పాడతాను" అనేది మల్సున్.

పంతొమ్మిదో ఏట ఆమెను గురువమ్మ కొండ మీది జలపాతం పక్కన గుడిసెలో వంద రోజులు ఉంచింది. నీళ్ళ హోరును దాటి గొంతు వినపడేదాకా పాడాలి. నలభై రోజులకు గొంతు పూర్తిగా పోయింది. అరవై రోజులకు ఉమ్మితే నెత్తురు పడింది. గురువమ్మ పరుగున వచ్చి, ఆ నెత్తురు చూసి, చేతులు పట్టుకుని ఏడ్చింది, సంతోషంతో. వాళ్ళలో అంతే. నెత్తురు పడితే గొంతు తెరుచుకున్నట్టు లెక్క. పడనివాళ్ళు సిగ్గుపడతారు, కొందరు పడిందని అబద్ధం కూడా చెబుతారు. గాయం మానడానికి పాయఖానా గుంటలో వెదురు గొట్టం దించి, అందులోకి ఊరిన నీళ్ళను వడగట్టి తాగించారు. మల్సున్ ముక్కు మూసుకుని తాగింది. "ఇంత తాగాక ఎవడి తిట్టు మాత్రం చేదుగా ఉంటుంది?" అని తర్వాత నవ్వుతూ చెప్పేది.

పెళ్ళయిన పదేళ్ళలో ఆ మొగుడూపెళ్ళాలు పెద్ద గదుల్లోకి ఎక్కారు. మల్సున్ పాటల్లో కనుమ పాటకు గిరాకీ ఎక్కువ. కొండ దారిలో తప్పిపోయిన బిడ్డ కోసం ఒక తల్లి మంచులో కొండ దాటే కనుమ దారి ఎక్కుతుంది, బిడ్డ పేరు పెట్టి పిలుస్తుంది, ఆగి వింటుంది, మళ్ళీ పిలుస్తుంది. ఆ పాట వింటూ కరకు గుండెల వడ్లమిల్లు యజమాని మూన్ కూడా కళ్ళు తుడుచుకునేవాడు. తర్వాత "మల్సునమ్మా, ఇటు రండి, ఈ బేరిపండు ముక్క తినండి" అనేవాడు. ఆయనే చిన్నప్పుడు మల్సున్ తల్లి మీద రాళ్ళు విసిరినవాడు. మల్సున్ అది మరిచిపోలేదు. బేరిపండు మాత్రం తినేది.

యుద్ధం ముగిసిన ఆరో ఏడు, వానాకాలం పోయి గాలి చల్లబడుతున్న రోజుల్లో మన్హో మొదటిసారి అది చూశాడు. సంత ఊళ్ళో పాట. కనుమ పాట మొదటి చరణం. మల్సున్ గుండెల మీద నాడా ముడి ఒకసారి లేవాల్సిన చోట రెండుసార్లు లేచింది. మన్హో చేయి తనంతట తనే ఆగిపోయింది. తొమ్మిదో దెబ్బ పడలేదు. ఆమె కాస్త ఆలస్యంగా, తేలిగ్గా పదం అందుకుంది. వినేవాళ్ళలో ముసలివాళ్ళు "అహా" అని తలలూపారు.

ఇంటికి వచ్చే దారిలో మన్హో అడిగాడు. "ఏమే, ఒంట్లో బాలేదా?"

"నాకేం? రాయిలా ఉన్నాను. నువ్వే ముసలాడివైపోతున్నావు, ఓ దెబ్బ మింగేశావు."

"నేను మింగింది నీకోసమే."

"అయితే అరిగించుకో" అంది మల్సున్.

ఆ నెలలోనే రుమాలులో నెత్తురు కనపడింది. మల్సున్ దాన్ని దాచలేదు, తెచ్చి చూపించింది. మొహం వెలిగిపోతోంది. "చూశావా! మళ్ళీ తెరుచుకుంటోంది. గురువమ్మకి ముప్ఫై అయిదో ఏట రెండో గొంతు వచ్చిందిట. నాకు ముప్ఫై నాలుక్కే వచ్చేస్తోంది." మన్హో ఆ రుమాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నమ్మాలని ఎంత ఆశపడ్డాడో చెప్పలేను. నమ్మేవాడే, ఆ నాడా ముడి చూడటం నేర్చుకోకపోయి ఉంటే. గొంతులో గాయమైతే ఊపిరి ఎందుకు తగ్గుతుంది? గొంతు వేరు, ఊపిరితిత్తులు వేరు. ఆ మాట ఆ లోయలో అందరికన్నా బాగా తెలిసినవాడు అతనే.

మర్నాడు సంతకు పోతున్నానని చెప్పి, ఆ రుమాలును తగరపు డబ్బాలో పెట్టుకుని పట్నంలో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాడు. అక్కడి నర్సమ్మ డబ్బా తీసుకుంది, వారం తర్వాత రమ్మంది. వారం తర్వాత వెళితే మర్యాదగానే, దాచకుండానే చెప్పింది. "క్షయ అండీ. మందు ఇక్కడే ఇస్తాం, ఊరికే ఇస్తాం. ఏడాదిన్నర సూదులు వేయించుకోవాలి. ఇప్పుడే మొదలుపెడితే బతుకుతారు. ఆవిడేం పని చేస్తారు?"

"పాడుతుంది."

నర్సమ్మ రాస్తున్న కలం ఆపింది. "అది మానెయ్యాలి. గట్టిగా మాట్లాడ్డం కూడా వద్దు."

మన్హో నది వెంబడి నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. గడప దాటేసరికి మల్సున్ ముల్లంగాకు పులుసు కాచి, బార్లీ అన్నం వడ్డించి కూర్చుని ఉంది. కూర్చుకున్న మాటలన్నీ అన్నంతో పాటు లోపలికి పోయాయి. బతుకంతా ఎక్కడ ఆగాలో నేర్చుకున్న మనిషి, ఎక్కడ నోరు తెరవాలో నేర్చుకోలేదు. ఇతన్ని ఎంత తిట్టినా పాపం లేదు. నేనూ తిట్టాను.

నోటితో చెప్పలేనిది డోలుతో చెబుదామనుకున్నాడు. మిల్లు యజమాని మూన్ అరవయ్యో పుట్టినరోజు విందుకు పిలుపు వచ్చింది. నూట యాభై మంది అతిథులు. బల్లల మీద పళ్ళు, బియ్యపు పిండివంటలు మోకాలెత్తు పేర్చారు. మన్హో లెక్క ఒక్కటే. దాచడం మానేస్తాను. తొమ్మిదో దెబ్బ వేళకు కొట్టేస్తాను. ఊపిరి అందక ఆమె అందరి ముందూ ఆగిపోతుంది. అప్పుడు ఇక బుకాయించడానికి ఉండదు, ఆరోగ్య కేంద్రానికి వచ్చి తీరుతుంది. పరువు పోయినా మనిషి మిగులుతుంది.

కనుమ పాట వచ్చింది. ముడి లేచింది, మళ్ళీ లేచింది. ఏడు, ఎనిమిది. మల్సున్ అతని వంక చూసింది, ఆపుతాడని నమ్మకంగా. మన్హో కొట్టాడు. ఆ దెబ్బ పాట లేకుండా ఒంటరిగా పడింది. ఆమె కంగారుగా పదం అందుకోబోయింది, గొంతు రెండుగా చీలింది, విసనకర్ర అడ్డం పెట్టుకుని దగ్గింది. గదిలో అంతా తలలు తిప్పారు.

తిప్పింది మల్సున్ వైపు కాదు, మన్హో వైపు.

"ఒరే తాక్! ఏం తాగొచ్చావురా?" అని మూన్ కేకేశాడు. "బంగారం లాంటి పాటని పొడిచి చంపావు గదరా!" పక్కనున్న ముసలాయన "వీడి పని అయిపోయింది. ఆవిడ ఖర్మ" అన్నాడు. మల్సున్ వంగి దండం పెట్టి, నీళ్ళు తాగి, చిన్న హాస్యపు పాట ఒకటి పాడి గట్టెక్కింది. పెద్ద చెవులున్న పెద్దమనుషులు! వాళ్ళకు దగ్గు వినపడలేదు, తాళం తప్పిందని మాత్రం వినపడింది.

ఊరి బయట వంతెన దాకా మల్సున్ ముందు నడిచింది. అక్కడ ఆగింది.

"కావాలనే కొట్టావు."

"అవును. నీది క్షయ. నర్సమ్మ చెప్పింది. ఏడాదిన్నర మందు తీసుకుంటే బతుకుతావుట."

"పాడకుండానా?"

"పాడకుండానే."

మల్సున్ వంతెన కమ్మీ పట్టుకుని నది వంక చూసింది. "నాకు తెలీదనుకున్నావా? మా అక్కలు ఇద్దరు దీంతోనే పోయారు. ఆ నెత్తురు రంగు నాకు తెలుసు." అప్పటిదాకా ఆమె మొహంలో ఆ వెలుగంతా మన్హో కోసం పాడిన పాట అని అతనికి అప్పుడు తెలిసింది. "ఏడాదిన్నర నోరు మూసుకుని పడుకుంటే నన్ను ఎవరు గుర్తుపెట్టుకుంటారు చెప్పు? మళ్ళీ పెరట్లోకేగా. మళ్ళీ ఒసే, ఏమే. పాడుతున్నంతసేపేనయ్యా నేను అమ్మగార్ని."

"చచ్చాక ఏమవుతావే?"

"చచ్చాక ఎలాగూ దంగొల్‌నే, ఎవరో ఒకరు పాడి సాగనంపుతారు." కాసేపు దగ్గింది. తర్వాత చాలా మామూలుగా అంది. "చూడు, కట్టడి నీకు నేను చెప్పక్కర్లేదు. నా తప్పు దాస్తానంటే నువ్వు వాయించు. దాచలేనంటే చెప్పు, అవతలి ఊరి కుంటి బోంగ్‌సిక్‌ని పిలుచుకుంటాను. వాడికి నా ఊపిరి లెక్క తెలీదు. వాడి చేతిలో నేను ఇంకో నెల ముందే పోతాను. నీ ఇష్టం."

మన్హో అదీ లెక్కేసుకున్నాడు. నెల కూడా నెలే కదా. డోలును భుజాన సర్దుకుని ముందు నడిచాడు.

ఆ చలికాలమంతా అతను దాచాడు. అంత బాగా ఎన్నడూ వాయించలేదు. ఎక్కడ ఎంత ఆగితే ఆమెకు ఎంత ఊపిరి దొరుకుతుందో కొలిచి కొలిచి ఆగాడు. వారం వారం ఆ ఖాళీలు పెరిగాయి. జనం కిక్కిరిశారు. 'మల్సున్ పాటలో మాట కన్నా మౌనం ఎక్కువ మాట్లాడుతోంది' అని క్వాంగ్జు పేపర్లో రాశారు. అది చదివి వినిపిస్తే మల్సున్ పడీ పడీ నవ్వింది, ఆ నవ్వుకు మళ్ళీ రుమాలు తడిసింది.

మంచు కరిగే రోజుల్లో సియోల్ నుంచి రికార్డు తీసేవాళ్ళు క్వాంగ్జు వచ్చారు. సత్రంలో ఒక గదికి గోడల నిండా బొంతలు మేకులతో కొట్టి, మధ్యలో మైకు నిలబెట్టారు. పాట మొదలైతే ఆపడానికి లేదు, మొత్తం ఒకే ఊపులో పాడాలి. మన్హో తేనె వేసి ఉడికించిన బేరిపండు ఆమె చేత తినిపించి, చాప మీద కూర్చున్నాడు. మల్సున్ చెంపలకు రంగు పూసుకుంది. ఒంట్లో ఎముకలే మిగిలాయి, జాకెట్టు మీద ఆ ముడి ఒక్కటే పెద్దగా కనపడుతోంది.

కనుమ పాటలో తల్లి శిఖరానికి ఎక్కి, ఆఖరిసారి బిడ్డను పిలవబోయే చోటు వచ్చింది. ముడి లేచింది. మళ్ళీ లేచింది. మళ్ళీ. దిగడం లేదు. మన్హో కర్ర గాల్లో ఆపాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పోయింది. పన్నెండూ అయిపోయాయి. ఒక చుట్టు మొత్తం ఖాళీగా గడిచింది. రికార్డు మనిషి యంత్రం మీద నుంచి తలెత్తి చూశాడు. రెండో చుట్టు మొదలైంది. మల్సున్ పెదాలు నల్లబడుతున్నాయి. విసనకర్ర పట్టుకున్న చేయి వణకడం లేదు, ఆ చేతిని వణకనివ్వకుండా ఆమె ఎంత కష్టపడుతోందో మన్హోకు కనపడుతోంది. లేచి ఆమెను పట్టుకోవచ్చు. చాలు అనవచ్చు. లోపల మనిషి అదే అరుస్తున్నాడు.

అప్పుడు ఆమె గొంతులో గరగర మొదలైంది. చిన్న శబ్దం, ఎండిన సొరబుర్రలో గింజలు కదిలినట్టు. ఇంకో క్షణం ఉంటే అది మైకులోకి పోతుంది. మన్హో నోరు తెరిచాడు.

"చోతా!" అని గట్టిగా, నిండుగా, మురిసిపోతున్నవాడి గొంతుతో కేక వేశాడు. 'బాగుంది' అన్నాడు. పెళ్ళాం ఊపిరాడక నీలుక్కుపోతుంటే బాగుందన్నాడు.

ఆ కేక కింద ఆమెకు గుక్కెడు ఊపిరి దొరికింది. దాంతో బిడ్డను పిలిచింది. ఆ పిలుపు ఎలా ఉందో నేను రాయను. రికార్డు ఉంది, ఎవరైనా వినవచ్చు. యంత్రం ఆగాక సియోల్ మనిషి మోకాళ్ళ మీద కూర్చుండిపోయి, "ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఇలాంటి నిశ్శబ్దం వినలేదమ్మా" అన్నాడు.

ఆ తర్వాత మల్సున్ నలభై రోజులు బతికింది. బార్లీ కంకి తీసే రోజుల్లో ఒక మధ్యాహ్నం, మాట బాగా సన్నగిల్లాక, మన్హోను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"ఆ రోజు ఎంతసేపు ఆపావు?"

"ఒక చుట్టు పూర్తిగా. రెండోది సగం."

"ఎవరికైనా తెలిసిందా?"

"తెలీలేదే. ఎవ్వరికీ తెలీలేదు."

మల్సున్ తృప్తిగా కళ్ళు మూసుకుంది. సాయంత్రానికి పోయింది. సాగనంపే పాట ఆమె చెల్లెలు పాడింది. డోలు కుంటి బోంగ్‌సిక్ వాయించాడు. మన్హో గుమ్మం దగ్గర చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

తర్వాత ఇరవై ఆరేళ్ళు అతను ఎవరి పక్కనా కూర్చోలేదు. తోళ్ళు నానబెట్టి, బిగించి, ఇతరుల డోళ్ళు బాగుచేసి బతికాడు. ఎన్నిసార్లు పిలిచినా వెళ్ళలేదు. డెబ్భై నాలుగో ఏట, క్వాంగ్జులో ఒక సంగీత పాఠశాల నుంచి నామ్ టీచరమ్మ స్వయంగా పమ్‌గోల్ వచ్చింది. మల్సున్ వర్ధంతి జరుపుతున్నామంది. ఆ రికార్డు పెట్టుకుని పిల్లలంతా కనుమ పాట నేర్చుకున్నారంది. "మీరొచ్చి ఒక్కసారి వాయిస్తే చాలు తాతగారూ, ఆవిడ గొంతు పక్కన కూర్చున్న చేయి మీది." మల్సున్ పేరు మీద నలభై మంది పిల్లలు కూర్చుంటారంటే మన్హో కాదనలేకపోయాడు. ఆమె కోరుకున్నది అదే కదా అనుకున్నాడు.

పాడింది మిరాన్ అనే పిల్ల. ఇరవై ఏళ్ళది, బుగ్గలు ఎర్రగా, దిట్టంగా ఉంది. గొంతు మంచిది. మన్హో చేతులు పాత దారి వెతుక్కున్నాయి. శిఖరం దగ్గరికి వచ్చారు. మిరాన్ ఆగింది.

మన్హో ఆమె గుండెల మీది ముడి చూశాడు. అది కదలడం లేదు. రొమ్ము నిండా గాలి పట్టుకుని, కళ్ళు అరమోడ్చి, ఆ పిల్ల ఊరికే నిలబడి ఉంది. మనసులో లెక్కపెట్టుకుంటోంది. ఒక చుట్టు పూర్తిగా, రెండోది సగం.

మన్హో తొమ్మిదో దెబ్బ కొట్టాడు. చెక్క మీద ఫెళ్ళుమంది. మిరాన్ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.

"తాతగారూ" అంది నామ్ టీచరమ్మ నెమ్మదిగా, "ఇక్కడ ఖాళీ ఉందండీ."

"ఖాళీ ఏం లేదమ్మా" అన్నాడు మన్హో. ఇరవై ఆరేళ్ళ నుంచి నోట్లో ఉన్న మాట. "అక్కడ మా ఆవిడకి ఊపిరి ఆడలేదు. అంతే. జబ్బు మనిషి. ఈ పిల్లకేం, గుండ్రాయిలా ఉంది. పాడనివ్వండి."

గదిలో ఒకళ్ళిద్దరి కళ్ళు చెమర్చాయి. టీచరమ్మ పిల్లల వైపు తిరిగింది. "విన్నారా? ఊపిరి ఆడని చోటే పాట పుడుతుందని చెబుతున్నారు. రాసుకోండి. ఇలాంటి మాట మళ్ళీ వినలేరు." నలభై పెన్సిళ్ళు కాగితాల మీద గరగరలాడాయి. మన్హో ఆమె మొహం వంక చూశాడు, ఇంకోసారి చెప్పబోయాడు, మానుకున్నాడు.

"తాతగారు అలసిపోయారు. ఇప్పుడు అసలు రికార్డే విందాం" అని టీచరమ్మ సూది దించింది.

బొంతలు కొట్టిన ఆ గది, ఆ మధ్యాహ్నం మళ్ళీ వచ్చాయి. మల్సున్ కనుమ ఎక్కింది. శిఖరం దగ్గర ఆగింది. పిల్లలు కళ్ళు మూసుకున్నారు. మన్హో కుడిచేయి కర్రతో సహా పైకి లేచి అక్కడే నిలబడిపోయింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఒక చుట్టు గడిచింది. రెండోది మొదలైంది.

రికార్డులో అతని పాత గొంతు "చోతా!" అంది. దాన్ని కూడా పాఠంగానే నేర్చుకున్న నలభై మంది పిల్లలు, వేళ తప్పకుండా, ఒక్క గొంతుతో "చోతా!" అన్నారు. ఆ కేక కింద ఏముందో ఆ గదిలో మన్హో ఒక్కడికే వినిపించింది.